ఓటీపీ ఇచ్చేశాం, బ్యాంకు చేతులెత్తేసింది.. డబ్బు పోయినట్టేనా?

ప్రశ్న: మా నాన్నగారు రిటైర్డ్ ఉద్యోగి. పన్నెండు రోజుల కిందట ఆదాయపన్ను శాఖ పేరుతో ఆయనకు ఒక మెయిల్ వచ్చింది. 18,640 రూపాయల రిఫండ్ ఆగిపోయిందని, ఈ రోజే ఖాతా ధ్రువీకరించకపోతే రద్దవుతుందని అందులో ఉంది. ఆయన లింక్ నొక్కి నెట్ బ్యాంకింగ్ యూజర్ ఐడీ, పాస్‌వర్డ్, ఫోన్‌కు వచ్చిన ఓటీపీలు టైప్ చేశారు. ఉదయం 10.42కి 49,500, 10.50కి 40,000 రూపాయలు పోయాయి. 11.05కి బ్యాంకు కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకున్నాం. అయినా 11.31కి మరో 25,000 పోయాయి. ‘ఓటీపీ మీరే ఇచ్చారు కాబట్టి మొత్తం మీ బాధ్యతే’ అని బ్యాంకు వాళ్లు నోటిమాటగా చెప్పారు. ఓటీపీ ఇవ్వలేదని రాసివ్వమని బంధువులు అంటున్నారు. నిన్న సైబర్ విభాగం నుంచి అంటూ ఒకాయన ఫోన్ చేసి, ప్రాసెసింగ్ ఫీజు కడితే డబ్బు వెనక్కి ఇప్పిస్తానన్నాడు. నాన్న సరిగా తినడం లేదు, ఎవరితోనూ మాట్లాడటం లేదు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ముందుగా 11.05కి మీరు చేసిన ఫోన్ గురించి మాట్లాడుకుందాం. మీ కేసంతా దాని మీదే నిలబడుతుంది.

ఖాతాదారుకు తెలియకుండా జరిగే ఎలక్ట్రానిక్ లావాదేవీల్లో నష్టం ఎవరు భరించాలో చెబుతూ రిజర్వు బ్యాంకు 2017 జులై 6న నియమాలు తెచ్చింది. వాటి ప్రకారం ఖాతాదారు నిర్లక్ష్యం వల్ల, అంటే పాస్‌వర్డ్, ఓటీపీ లాంటివి ఇతరులకు ఇవ్వడం వల్ల డబ్బు పోతే, ఆ నష్టం ఖాతాదారుదే. బ్యాంకు వాళ్లు మీకు చెప్పింది ఈ సగమే. మిగతా సగం ఏమిటంటే, ఆ బాధ్యత బ్యాంకుకు సమాచారం ఇచ్చేంతవరకే. ఇచ్చిన తర్వాత జరిగే నష్టమంతా బ్యాంకే భరించాలి. అందులో ‘ఓటీపీ ఇచ్చారా, లేదా’ అన్న మినహాయింపు లేదు. కాబట్టి 11.31కి పోయిన 25,000 రూపాయలు బ్యాంకు మీకు ఇవ్వాల్సిన డబ్బు. ఫిర్యాదు నంబరు, మీ ఫోన్‌లోని కాల్ వివరాలు, స్టేట్‌మెంట్‌లో ఆ డెబిట్ పడిన సమయం, ఈ మూడూ పక్కపక్కన పెడితే చాలు.

ఇక మొదటి రెండు మొత్తాలు, 89,500 రూపాయలు. ఇక్కడ మీకు తేలికైన ఆశ చూపించడం నాకిష్టం లేదు. ఇది కష్టమైన భాగమే, కానీ తలుపు పూర్తిగా మూసుకుపోలేదు. నష్టానికి ఖాతాదారే బాధ్యుడని నిరూపించాల్సిన భారం అవే నియమాల ప్రకారం బ్యాంకు మీద ఉంది. ‘ఓటీపీ మీరే ఇచ్చారు’ అని కౌంటర్ దగ్గర అనేస్తే నిరూపించినట్టు కాదు. ఆ ఓటీపీ మెసేజ్‌లో ఏం రాసి ఉంది? డబ్బు బదిలీకి అని, ఎంత మొత్తమని స్పష్టంగా ఉందా? లావాదేవీ జరిగిన వెంటనే ఎస్సెమ్మెస్ వచ్చిందా, ఆలస్యంగా వచ్చిందా? ఎన్నడూ పెద్ద మొత్తాలు పంపని ఖాతా నుంచి ఎనిమిది నిమిషాల్లో రెండు బదిలీలు జరిగితే బ్యాంకు వ్యవస్థ ఎందుకు పసిగట్టలేదు? ఈ ప్రశ్నలన్నీ రాతపూర్వకంగా అడగండి.

న్యాయస్థానాలు ఇలాంటి కేసుల్లో బ్యాంకులను గట్టిగానే నిలదీస్తున్నాయి. మెసేజ్‌లోని మోసపు లింక్ నొక్కాక 2.6 లక్షలు పోగొట్టుకున్న ఖాతాదారుకు డబ్బు తిరిగి ఇవ్వాలని 2024 నవంబరులో ఢిల్లీ హైకోర్టు తీర్పు చెప్పింది. నకిలీ కస్టమర్ కేర్ మాట నమ్మి ఒక యాప్ వేసుకుని సుమారు 94 వేలు పోగొట్టుకున్న ఖాతాదారు విషయంలో, బ్యాంకే చెల్లించాలన్న గువాహటి హైకోర్టు తీర్పును 2025 జనవరిలో సుప్రీంకోర్టు నిలబెట్టింది. అయితే ఒక తేడా గమనించండి. ఢిల్లీ కేసులోని ఖాతాదారు ఓటీపీ ఎవరికీ ఇవ్వలేదన్నారు. మీ నాన్నగారు ఇచ్చారు. రెండు కేసుల్లోనూ ఖాతాదారులకు కలిసొచ్చింది మాత్రం ఆలస్యం చేయకుండా బ్యాంకుకు చెప్పడం. అది మీరూ చేశారు.

అందుకే బంధువుల సలహా వినొద్దని గట్టిగా చెబుతున్నాను. ఓటీపీ ఏ పేజీలో, ఎన్ని గంటలకు వాడారో బ్యాంకు సర్వర్ లాగ్‌లలో ఉంటుంది. ఇవ్వలేదని రాసిచ్చి, ఆ లాగ్ బయటికొస్తే, నిజంగా మీకు రావలసిన 25,000 మీద కూడా అనుమానం పడుతుంది. జరిగింది జరిగినట్టే రాయండి. ‘ఆదాయపన్ను శాఖ పేజీ అని నమ్మించి నాతో వివరాలు రాబట్టారు’ అన్న మాట నిజం, అది చట్టం ముందు నిలబడే మాట కూడా. కంప్యూటర్ సాయంతో మరొకరిలా నటించి మోసం చేయడం సమాచార సాంకేతిక (ఐటీ) చట్టం సెక్షన్ 66డీ కింద, ఇతరుల పాస్‌వర్డ్ దొంగతనంగా వాడటం 66సీ కింద నేరాలు. ఒక్కోదానికి మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 318(4) కింద మోసానికి ఏడేళ్ల వరకు శిక్ష పడవచ్చు. ఈ సెక్షన్లు మీ నాన్నగారికి చదివి వినిపించండి. వీటిలో ఆయన నిందితుడు కాదు, బాధితుడు. ఈ మాట చట్టమే అంటోందని ఆయనకు తెలియాలి.

మీరు రాసినదాంట్లో ఒక లోటు కనిపించింది. సైబర్ మోసాల ఫిర్యాదుకు ఉన్న జాతీయ హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసినట్టు ఎక్కడా లేదు. బ్యాంకుకు చెప్పగానే పని అయిపోయిందని చాలామంది అనుకుంటారు. మీ బ్యాంకు మీ ఖాతాను ఆపగలదు. మోసగాడి ఖాతాలో పడిన డబ్బు ఆగాలంటే ఆ రెండో బ్యాంకుకు, అక్కడి నుంచి పోయిన మూడో బ్యాంకుకు కూడా కబురు వెళ్లాలి. ఆ పని చేసేది 1930 వ్యవస్థ. మొదటి గంటలో చేసి ఉంటే ఎంతో బాగుండేది, ఇప్పుడైనా ఈ రోజే చేయండి. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేసి, నంబరు దాచుకోండి. ఎక్కడైనా కొంత సొమ్ము నిలిచిపోయి ఉంటే, దాన్ని విడుదల చేయమని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 503 కింద మేజిస్ట్రేటు కోర్టులో దరఖాస్తు వేసుకోవచ్చు. కొన్ని రాష్ట్రాల్లో లోక్ అదాలత్‌ల ద్వారా కూడా ఇలాంటి సొమ్ము తిరిగి ఇప్పిస్తున్నారు.

పోలీస్ స్టేషన్‌లో ‘ఇది మా పరిధి కాదు’ అంటే వెనక్కి రావద్దు. అదే నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 173 ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఫిర్యాదు తీసుకోవాల్సిందే. తీసుకోకపోతే ఎస్పీకి రాతపూర్వకంగా పంపండి, ఆ తర్వాత మేజిస్ట్రేటును ఆశ్రయించవచ్చు.

బ్యాంకుకు ఇచ్చే ఉత్తరంలో మూడు లావాదేవీలనూ విడివిడిగా, సమయాలతో రాయండి. కలిపి 1,14,500 అని రాస్తే బలమైన మూడోది బలహీనమైన మొదటి రెండింటితో కలిసి మునిగిపోతుంది. అనధికార లావాదేవీ సొమ్మును, సమాచారం అందిన పది పనిదినాల్లో తాత్కాలికంగా ఖాతాలో జమ చేయాలని, ఫిర్యాదును 90 రోజుల్లో తేల్చాలని 2017 నియమాల్లో ఉంది. ఆ రెండూ ప్రస్తావించండి. జవాబు రాతపూర్వకంగానే కావాలని అడగండి. తిరస్కరిస్తే, లేదా 30 రోజుల్లో జవాబు రాకపోతే, బ్యాంకుల మీద ఫిర్యాదులు విచారించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. దానికి ఫీజు లేదు, లాయరూ అక్కర్లేదు. పోలీసు కేసు నడుస్తున్నా ఇది అడ్డు కాదు. కానీ ఇదే విషయం మీద వినియోగదారుల కమిషన్‌లో కేసు వేసి ఉంటే అంబుడ్స్‌మన్ తీసుకోరు. అందుకే ముందు అంబుడ్స్‌మన్ దగ్గరికే వెళ్లండి. కమిషన్‌కు వెళ్లడానికి రెండేళ్ల గడువు ఉంది, కంగారు లేదు.

ఆ మెయిల్‌ను మాత్రం చెరిపేయకండి. కోపంతో డిలీట్ చేసేవాళ్లను, ఫోన్ ఫార్మాట్ చేయించేవాళ్లను చూసి చాలాసార్లు బాధపడ్డాను. మెయిల్ ఎక్కడి నుంచి బయల్దేరిందో చెప్పే వివరాలు దాని అసలు ప్రతిలోనే ఉంటాయి, ఫార్వర్డ్ చేస్తే పోతాయి. స్క్రీన్‌షాట్ ఒక్కటే చాలదు. కోర్టులో ఎలక్ట్రానిక్ సాక్ష్యం పెట్టడానికి భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ కావాలి. అసలు పరికరం, అసలు మెయిల్ ఉంటే ఆ పని తేలికవుతుంది.

మీరు పంపిన మెయిల్ ఫొటో చూశాను. భాషలో ఒక్క తప్పు లేదు. తప్పులుంటేనే నకిలీ అన్న పాత గుర్తును ఇక మరిచిపోవాలి. పంపినవారి పేరుగా ఎవరైనా ఏదైనా పెట్టుకోవచ్చు కాబట్టి దాన్నీ నమ్మలేం. అసలు గుట్టు లింక్ చిరునామాలో ఉంది. అది ‘ఇన్‌కమ్‌ట్యాక్స్ డాట్ గవ్ డాట్ ఇన్’ అనే మొదలైంది. కానీ అక్కడితో ఆగలేదు. ఇంకో చుక్క, ఆ తర్వాత ఇంకో పేరు ఉన్నాయి. చిరునామాలో ‘https://’ తర్వాత వచ్చే మొదటి ఏటవాలు గీతకు (/) ముందు చిట్టచివర ఉన్న పేరే అసలు యజమానిది. దాని ముందు ఏ పేరైనా తగిలించుకోవచ్చు. తాళం గుర్తు కనిపించినా అది నిజమైన సైట్ అని అర్థం కాదు. బ్యాంకుల విషయంలో ఇప్పుడు ఒక సౌకర్యం వచ్చింది. రిజర్వు బ్యాంకు ఆదేశంతో మన బ్యాంకుల వెబ్‌సైట్లు ‘డాట్ బ్యాంక్ డాట్ ఇన్’తో ముగిసే చిరునామాలకు మారాయి. రిఫండ్ వస్తే ముందే ధ్రువీకరించిన ఖాతాలో పడుతుంది. దానికి ఓటీపీ, పాస్‌వర్డ్ కావాలని ఆదాయపన్ను శాఖ మెయిల్‌లో అడగదు. డబ్బు రావడానికి యూపీఐ పిన్ కొట్టాల్సిన పని కూడా ఎప్పుడూ ఉండదు. పిన్ కొడితే డబ్బు పోతుంది, రాదు. క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి తమ చేత్తో పిన్ కొట్టినవాళ్లకు 2017 నియమాల రక్షణ చాలా తక్కువగా అందుతుంది. లావాదేవీ మీరే చేశారని బ్యాంకు వాదిస్తుంది. అలాంటప్పుడు 1930కి ఎంత త్వరగా చెప్పారన్నదే ముఖ్యం.

చివరగా, నిన్న వచ్చిన ఫోన్. ఒక్క రూపాయి కూడా కట్టకండి. పోయిన డబ్బు ఇప్పించడానికి పోలీసులు గానీ, అంబుడ్స్‌మన్ గానీ ప్రాసెసింగ్ ఫీజు అడగరు. మోసపోయినవాళ్ల వివరాలు మోసగాళ్ల చేతుల్లో తిరుగుతుంటాయి, డబ్బు పోయిందన్న బాధలో ఉన్నవాళ్లనే మళ్లీ వెతుక్కుంటూ వస్తారు. ఆ నంబరు, ఫోన్ వచ్చిన సమయం, అతను చెప్పిన మాటలు ఈ రోజు పెట్టే ఫిర్యాదులోనే చేర్చండి. అతను మళ్లీ ఫోన్ చేస్తాడు. ఆ ఫోన్ మీ నాన్నగారు ఒంటరిగా ఉన్నప్పుడు రావచ్చు, కాబట్టి ఈ విషయం ఆయనకు ఇవాళే చెప్పండి.