టెక్ సందేహాలు: బయటి డిస్క్‌లో లినక్స్ వేస్తుంటే బూట్‌లోడర్‌తో జాగ్రత్త

ప్రశ్న: మా ల్యాప్‌టాప్ 2017లో కొన్నది, ఏడో జనరేషన్ ఐ5. విండోస్ 11కి పనికిరాదంటోంది. ఆఫీసు సాఫ్ట్‌వేర్ కోసం విండోస్ 10ని కదపకుండా, ఇంట్లో ఉన్న 1 టీబీ ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్‌లో లినక్స్ వేసుకోవచ్చా? అందులో పెళ్లి ఫొటోలున్నాయి.
– ఒక పాఠకుడు, ఖమ్మం

వేసుకోవచ్చు. విండోస్ 10కి మామూలు సపోర్ట్ (ఉచిత భద్రతా అప్‌డేట్లు) 2025 అక్టోబరు 14తో అయిపోయింది కాబట్టి బ్యాంకు పనులు, మెయిల్ లాంటివి లినక్స్‌కి మార్చుకోవడం మంచి ఆలోచనే. ముందు ఫొటోలను ఇంకో చోటికి కాపీ చేసి, తెరుచుకుంటున్నాయో లేదో చూసుకోండి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఒక్క క్లిక్ అటూ ఇటూ అయితే డిస్క్ మొత్తం ఖాళీ అయిపోతుంది.

ఆ హార్డ్‌డిస్క్ మాత్రం ఫొటోలకే ఉంచేయమంటాను. తిరిగే డిస్క్‌లో సినిమా చూడటానికి ఇబ్బంది ఉండదు, ఒకే ఫైల్ వరసగా చదువుతుంది. ఆపరేటింగ్ సిస్టమ్ అలా కాదు, నిమిషానికి వేల చిన్న ఫైళ్లు అడుగుతుంది. ప్రతిదానికీ డిస్క్ లోపలి చెయ్యి అటూ ఇటూ జరగాలి. బ్రౌజర్ నొక్కి టీ పెట్టుకుని రావచ్చు. దాని బదులు 240 జీబీ సాటా ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని వేగమైన డిస్క్), దానికో యూఎస్‌బీ కేస్ కొనండి. యూఎస్‌బీ 3.0 పోర్టుకే పెట్టండి. చాలా ల్యాప్‌టాప్‌లలో దాని లోపలి భాగం నీలం రంగులో ఉంటుంది. 2.0 పోర్టు వేగం 480 ఎంబీపీఎస్ దగ్గరే ఆగిపోతుంది, 3.0 అయితే 5 జీబీపీఎస్ దాకా వెళ్తుంది.

ఎస్ఎస్‌డీ కాక 8 జీబీ పెన్‌డ్రైవ్ ఇంకోటి కావాలి. ఇక్కడే చాలామంది తికమక పడతారు. రూఫస్ అనే సాఫ్ట్‌వేర్‌తో లినక్స్ మింట్ (లినక్స్‌లో ఒక రకం) ఐఎస్‌ఓని, అంటే ఇన్‌స్టాల్ చేసే ఫైల్‌ని, ఎక్కించేది పెన్‌డ్రైవ్‌లోకి. దాంతో బూట్ అయ్యి (కంప్యూటర్ ఆన్ చేసి) ఇన్‌స్టాల్ చేసేది ఎస్ఎస్‌డీలోకి. పెన్‌డ్రైవ్ నుంచి నేరుగా నడిపేది లైవ్ మోడ్. వైఫై, సౌండ్ పనిచేస్తున్నాయో లేదో చూసుకోవడానికి అది చాలు. అందులో దాచుకున్నవి షట్‌డౌన్ చేస్తే మామూలుగా పోతాయి.

ఇప్పుడు అసలు చిక్కు. మింట్ ఇన్‌స్టాలర్‌లో 'సమ్‌థింగ్ ఎల్స్' ఎంచుకుంటే పార్టిషన్ల (డిస్క్‌లోని భాగాల) జాబితా వస్తుంది. దాని కింద బూట్‌లోడర్ (ఆన్ చేయగానే ఆపరేటింగ్ సిస్టమ్‌ని మొదలుపెట్టే చిన్న ప్రోగ్రామ్) ఏ డిస్క్‌లో వేయాలో అడిగే గడి ఉంటుంది. మీరు ఎస్ఎస్‌డీ పేరే ఎంచుకుంటారు. అయినా యూఈఎఫ్ఐ (పాత బయోస్ బదులు వచ్చిన పద్ధతి) ల్యాప్‌టాప్‌లలో ఆ ఇన్‌స్టాలర్ మీ మాట వినకుండా, లోపలి డిస్క్‌లో విండోస్ వాడుకునే ఈఎఫ్ఐ పార్టిషన్‌లోనే (బూట్‌లోడర్లు ఉండే భాగం) బూట్‌లోడర్ పెట్టేస్తుంది. ఏళ్ల తరబడి ఉన్న బగ్ ఇది. అంటే ఇల్లు బయటి డిస్క్‌లో, తాళంచెవి లోపలి డిస్క్‌లో. ఎస్ఎస్‌డీ పీకేసి ల్యాప్‌టాప్ ఆన్ చేస్తే నల్లటి స్క్రీన్ మీద 'గ్రబ్' (లినక్స్ బూట్‌లోడర్ పేరు) అని కనిపించి ఆగిపోతుంది. విండోస్ పోయిందని టెన్షన్ పడకండి. బూట్ మెనూలో (అది తెరిచే మీట కింద చెప్పాను) 'విండోస్ బూట్ మేనేజర్' ఎంచుకుంటే మామూలుగానే తెరుచుకుంటుంది.

ఆ అవస్థే లేకుండా ఉండాలంటే, ఇన్‌స్టాల్ చేసే అరగంటా లోపలి డిస్క్‌ని విప్పి పక్కన పెట్టడం అన్నిటికన్నా క్షేమం. అది కనిపించకపోతే ఇన్‌స్టాలర్‌కి ఎస్ఎస్‌డీ తప్ప వేరే దారి ఉండదు, 'ఎరేజ్ డిస్క్' కూడా ధైర్యంగా నొక్కొచ్చు. వెనక మూత విప్పడం చేతకాకపోతే రిపేర్ షాపులో ఐదు నిమిషాల పని. అదీ కుదరకపోతే లైవ్ మోడ్‌లో జీపార్టెడ్ (పార్టిషన్లు మార్చే సాఫ్ట్‌వేర్) తెరిచి, లోపలి ఈఎఫ్ఐ పార్టిషన్‌కి ఉన్న 'బూట్', 'ఈఎస్‌పీ' ఫ్లాగులు (గుర్తులు) తీసేయండి. ఎస్ఎస్‌డీలో 500 ఎంబీ ఈఎఫ్ఐ పార్టిషన్ ఒకటి చేసుకుని ఇన్‌స్టాల్ చేయండి. అయ్యాక ఆ ఫ్లాగులు మళ్లీ పెట్టడం మర్చిపోవద్దు.

ఇవన్నీ మొదలుపెట్టకముందే విండోస్‌లో బిట్‌లాకర్ (డిస్క్‌కి తాళం వేసే సదుపాయం) ఆన్‌లో ఉందేమో చూడండి. ఉంటే 48 అంకెల రికవరీ కీని కాగితం మీద రాసుకోండి. బూట్ సెట్టింగులు మారితే అది ఆ కీ అడగొచ్చు. కంట్రోల్ ప్యానెల్ పవర్ ఆప్షన్లలో ఫాస్ట్ స్టార్టప్ కూడా తీసేయండి. అది ఉంటే విండోస్ పూర్తిగా ఆగదు, దాని డ్రైవ్‌లో లినక్స్ నుంచి ఏమీ రాయలేరు.

రోజూ లినక్స్ కావాలన్నప్పుడు ఎస్ఎస్‌డీ పెట్టి, ఆన్ చేస్తూనే డెల్, లెనోవోలలో ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9 నొక్కి దాన్ని ఎంచుకోండి. నడుస్తుండగా కేబుల్ ఊడిందా, అక్కడికక్కడే బిగుసుకుపోతుంది. ఇంకో సంగతి: విండోస్‌లో ఉండగా ఈ ఎస్ఎస్‌డీ పెడితే, 'డిస్క్‌ని ఫార్మాట్ చేయాలి' అని అడగొచ్చు. విండోస్‌కి లినక్స్ పార్టిషన్ చదవడం రాక అలా అడుగుతుందంతే. క్యాన్సిల్ కొట్టండి. ఇంట్లో పిల్లలు వాడే ల్యాప్‌టాప్ అయితే ఈ ముక్క వాళ్లకీ చెప్పండి.

ప్రశ్న: లినక్స్ వాడి విండోస్‌కి వచ్చిన ప్రతిసారీ గడియారం ఐదున్నర గంటలు వెనక్కి వెళ్తోంది. బ్యాటరీ మార్చినా అంతే.
– ఒక పాఠకురాలు, తెనాలి

బ్యాటరీ తప్పు కాదు. మదర్‌బోర్డు గడియారంలో ఉండేది స్థానిక సమయం అని విండోస్ అనుకుంటుంది, గ్రీనిచ్ సమయం అని లినక్స్ అనుకుంటుంది. లినక్స్ దాన్ని తన లెక్కకి దిద్దాక విండోస్ అదే మన టైమ్ అనుకుని చూపిస్తుంది. మనకీ గ్రీనిచ్‌కీ తేడా సరిగ్గా ఐదున్నర గంటలే కదా. లినక్స్ టెర్మినల్‌లో టైమ్‌డేట్‌సీటీఎల్ ఆదేశాన్ని 'సెట్-లోకల్-ఆర్‌టీసీ 1' చేర్చి ఒక్కసారి ఇవ్వండి, సరిపోతుంది.

ప్రశ్న: లినక్స్ కాకుండా విండోస్‌నే ఎక్స్‌టర్నల్ డిస్క్‌లో నడపొచ్చా?
– ఒక విద్యార్థి, అనంతపురం

నడపొచ్చు కానీ మైక్రోసాఫ్ట్ అండ లేదు. 'విండోస్ టు గో' అని విండోస్ 8 ఎంటర్‌ప్రైజ్‌తో తెచ్చి, 2020లో విండోస్ 10 వెర్షన్ 2004తో తీసేశారు. రూఫస్‌లో ఆ పేరుతో ఆప్షన్ ఇంకా ఉంది. పరీక్షించి చూడటానికి పరవాలేదు, ప్రాజెక్టు ఫైళ్లు అందులో పెట్టకండి.

ప్రశ్న: మాది డీటీపీ సెంటర్. పేజ్‌మేకర్, అను ఫాంట్లతో పని. ఇలాగే లినక్స్‌కి మారొచ్చా?
– ఒక పాఠకుడు, సూర్యాపేట

మారకండి. లినక్స్‌లో యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే అక్షరాల పద్ధతి) తెలుగు చక్కగా వస్తుంది, ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు కూడా ఉంటుంది. కానీ మీ పాత శుభలేఖలు, కరపత్రాల ఫైళ్లన్నీ అను ఫాంట్లలో ఉన్నాయి, అవి యూనికోడ్ కావు. ఆ కంప్యూటర్‌కి నెట్ తీసేసి విండోస్‌తోనే పని కానివ్వండి. కస్టమర్ల పెన్‌డ్రైవ్‌లు, వాట్సాప్ ఫైళ్లు తెరవడానికి మాత్రం వేరే కంప్యూటర్ పెట్టుకోండి. దానికి లినక్స్ బాగా పనికొస్తుంది.