బాలు గారి గొంతు కింద పాడింది ఎవరు?

"చనిపోయిన గాయకుల గొంతును ఏఐతో తెచ్చి కొత్త పాటలు పాడించడం తప్పా? ఇంట్లో వాళ్ళు ఒప్పుకుంటే సరిపోదా?" అని అడిగారు. అడక్కుండా చేస్తే తప్పే, అందులో నాకు రెండో మాట లేదు. ఒప్పుకున్నా సరిపోదని కూడా అంటాను, ఎందుకంటే ఆ పని నేను ఒకసారి చేశాను.

మాది నెల్లూరు. పద్దెనిమిదేళ్లుగా ఆర్కెస్ట్రాలో పాడుతున్నాను, దర్గామిట్టలో చిన్న రికార్డింగ్ గది ఉంది. రెండేళ్ల కింద కోవూరు నుంచి ఒక పెద్దాయన వచ్చి, "అబ్బయా, బాలు గారి గొంతులో మా పిల్ల పేరు, అల్లుడి పేరు వచ్చేటట్టు ఒక పాట చేసియ్యి" అన్నాడు. సరేనన్నాను. కంప్యూటర్‌లో సాహిత్యం కొడితే బాలు గారు పాడేస్తారని చాలామంది అనుకుంటారు గానీ నేను వాడిన పద్ధతిలో ముందు ఒక మనిషి పాట మొత్తం పాడాలి. శ్రుతి, తాళం, గమకం, ఎక్కడ ఊపిరి తీసుకోవాలి, ఏ మాట మీద చిన్నగా నవ్వాలి, అన్నీ ఆ మనిషివే, సాఫ్ట్‌వేర్ వాటి మీద వేరే గొంతు తొడుగుతుంది, అంతే. మూడు రాత్రులు కూర్చుని పాడాను. పెళ్లిలో ఆ పాట వేస్తే పెద్దవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు, "బాలు గారే దిగొచ్చి పాడినట్టుంది" అన్నారు. నేను స్పీకర్ పక్కనే నిలబడి ఉన్నాను. ఆయన పాడలేదు, నేను పాడినట్టు ఎవరికీ తెలియదు. ఆ బాధ ఇంకా పోలేదు.

బాలు గారు మా ఊరి మనిషి. తిప్పరాజువారి వీధిలోని ఇంటిని 2020లో వేద పాఠశాల కోసం కంచి పీఠానికి ఇచ్చేశారు. వాళ్ళ నాన్న సాంబమూర్తి గారు హరికథలు చెప్పేవారు, ఒక్క మనిషే పది పాత్రలై పలికే విద్య అది. కొడుక్కీ అదే అబ్బిందని నా నమ్మకం. ఎన్టీఆర్‌కు పాడితే ఒకలా, అల్లు రామలింగయ్యకు పాడితే ఇంకోలా పలికేవారు. మరి ఏఐ తెచ్చేది ఇందులో ఏ బాలు గారిని?

2023లో వచ్చిన 'కీడా కోలా' సినిమాలో తమ అనుమతి లేకుండా బాలు గారి గొంతును ఏఐతో వాడారని ఆయన కొడుకు చరణ్ గారు నోటీసు పంపిన సంగతి మీకు తెలిసే ఉంటుంది. దాదాపు అదే సమయంలో రెహమాన్ గారు ఒక తమిళ పాటకు చనిపోయిన గాయకులు బంబా బాక్యా, షాహుల్ హమీద్‌ల గొంతులు ఏఐతో తెచ్చి, కుటుంబాలను అడిగి డబ్బు కూడా ఇచ్చామని 2024 జనవరిలో చెప్పారు. రెండింటికీ చాలా తేడా ఉంది, ఒప్పుకుంటాను. బతికి ఉన్న అరిజిత్ సింగ్ కూడా 2024 జులైలో బాంబే హైకోర్టు నుంచి తన గొంతుకు రక్షణగా మధ్యంతర ఉత్తర్వు తెచ్చుకోవాల్సి వచ్చింది. మరి కింద పాడినవాడి సంగతి ఎవరు మాట్లాడుతున్నారు? నేననేది ఇదే: ఈ పద్ధతిలో చేసిన ప్రతి పాట మీదా ఇంట్లోవాళ్ళు ఒప్పుకున్నారన్న మాటతో పాటు, అసలు పాడిన మనిషి పేరు కూడా వేయాలి, సినిమా పాటకు ఇచ్చినట్టే పేమెంట్ ఇవ్వాలి. పేరు లేకపోతే అలా కింద పాడే పిల్లలకు రేపు ఇంకో పాట ఎట్టా వస్తుంది?

ఇప్పుడు ఎవరైనా అడిగితే నా గొంతుతోనే పాడతానని చెబుతున్నాను. పోయిన నెల కావలి నుంచి వచ్చినవాళ్ళు వద్దని వేరే చోట చేయించుకున్నారు. కింద పాడింది మా ఆర్కెస్ట్రా కుర్రాడేనని తర్వాత తెలిసింది. ఫోన్ చేసి ఎంత ఇచ్చారని అడిగాను.

"ఐదు వందలన్నా" అన్నాడు.