పీహెచ్‌సీకి వచ్చే హౌస్‌సర్జన్లకు నేర్పడం ఎలాగో మెడికల్ ఆఫీసర్లకు ఎలా నేర్పాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: మీరు కర్నూలులో ఎస్పీఎం (కమ్యూనిటీ మెడిసిన్) డిపార్ట్‌మెంట్‌లో ఉన్నారు. ఎంబీబీఎస్ పరీక్షలు అయిపోయి ఇంటర్న్‌షిప్ చేస్తున్న హౌస్‌సర్జన్లను పీహెచ్‌సీలకు పంపుతున్నారు. అక్కడ వాళ్లను చూసుకునే మెడికల్ ఆఫీసర్లకు ఒకరోజు ట్రైనింగ్ పెట్టమన్నారు. ఆ రోజంతా ఏం చెప్పాలో తోచడం లేదు.

నేను అనంతపురం జిల్లాలో కళ్యాణదుర్గం వైపు ఒక పీహెచ్‌సీలో 11 ఏళ్లు పనిచేశాను. ఇలాంటి ట్రైనింగుల్లో రెండుసార్లు వెనక బెంచీలో కూర్చుని కునికాను. తర్వాత మూడుసార్లు నేనే ముందు నిలబడి చెప్పాల్సి వచ్చింది.

ముందు స్లైడ్లు సగానికి సగం తీసేయండి మేడమ్. మెడికల్ ఆఫీసర్‌కి వైద్యం వచ్చు, చెప్పడమూ వచ్చు. రానిదల్లా పక్క కుర్చీలో కుర్రాడు పేషెంట్‌తో మాట్లాడుతుంటే నోరు కట్టుకుని కూర్చోవడం. రోజంతా దీనికే పెట్టినా దండగ కాదు.

మొదట్లో నేనూ అందరిలాగే చేశాను. హౌస్‌సర్జన్ వస్తే ఒకరికి ఓపీ రిజిస్టరు, ఒకరికి బీపీ మిషన్ అప్పజెప్పేవాణ్ణి. మిగతావాళ్లు నీట్ పీజీ పుస్తకాలు ముందేసుకుని కూర్చునేవారు, నేనూ చూసీ చూడనట్టు పోయేవాణ్ణి. ఒకమ్మాయి పోస్టింగ్ అయిపోయి వెళ్తూ, "సార్, ఇన్ని వందల బీపీలు చూశాను, ఒక్క పేషెంట్‌ని చూడలేదు" అంది. నవ్వుతూనే అందిగానీ నాకు గట్టిగా తగిలింది. ఆ తర్వాతి బ్యాచ్ నుంచి నా పక్కన ఇంకో కుర్చీ వేయించాను.

కుర్చీ వేస్తే సరిపోదని తర్వాత తెలిసింది. విశాఖ వైపు నుంచి వచ్చిన ఒక హౌస్‌సర్జన్ ఓపీ చూస్తున్నాడు. డెబ్బై దాటిన అవ్వ బీపీ మాత్రలకు వచ్చింది. రీడింగ్ 170/100. "మాత్రలు రోజూ వేసుకుంటున్నారా అండీ?" అని అడిగాడు. "ఏసుకుంటాండా సామీ, కానీ..." అని ఆగింది. అతను మాట్లాడకుండా ఆమె మొహంలోకే చూస్తూ కూర్చున్నాడు. బయట లైను తలుపు దాకా వచ్చేసింది. నాకు టెన్షన్. ఆగలేక, "అవ్వా, ఊరగాయ మానమంటి గదా, మానినావా లేదా?" అని మధ్యలో దూరాను. అవ్వ నవ్వి, "యాడ మానేది సామీ" అంది. ఆమ్లోడిపిన్ 5 ఉన్నదాన్ని 10 చేసి రాసిచ్చి, తర్వాతివాళ్లను పిలిచాను.

మధ్యాహ్నం టీ దగ్గర ఆ అబ్బాయి నసుగుతూ అసలు సంగతి చెప్పాడు. మందుల కిటికీ దగ్గర అవ్వ మళ్లీ కలిసిందట. నెలకిచ్చే 30 మాత్రలను తనూ ముసలాయనా పంచుకుంటున్నారు. ఆయనకూ బీపీ ఉంది, కాలు విరిగి మంచంలో ఉన్నాడు, ఆసుపత్రికి రాలేడు. కాబట్టి ఇద్దరికీ రోజు మార్చి రోజు. ఆమెకు డోసు పెంచాల్సిన పనే లేదు, ముసలాయన పేరున ఇంకో చీటీ రాస్తే సరిపోయేది. ఆ "కానీ" వెనక ఉన్నది అదీ. "అప్పుడే చెప్పొచ్చు కదయ్యా" అంటే, "మీరు మాట్లాడుతున్నారు కదా సార్" అన్నాడు. సాయంత్రం ఏఎన్ఎమ్మను పంపి ఆ మాత్రలు మార్పించాను.

మీ ట్రైనింగ్‌లో దీన్నే ఆడించండి. ముగ్గురేసి కూర్చోబెట్టండి. ఒకరు పేషెంట్, ఒకరు హౌస్‌సర్జన్, ఒకరు ట్యూటర్. పేషెంట్ వేషం వేసేవాళ్ల చేతిలో ఒక చీటీ పెట్టండి, అందులో ఒక దాచిన సంగతి ఉండాలి. ఎవరూ మాట్లాడకుండా కాసేపు ఆగితేనే దాన్ని బయటపెట్టాలి. ట్యూటర్ మొదటిసారి ఎప్పుడు నోరు తెరిచారో మీరు వాచీలో చూసి రాసుకోండి. నా ట్రైనింగుల్లో అర నిమిషం ఆగినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఒక సీనియర్ సారైతే పేషెంట్ కుర్చీలో కూర్చోకముందే, "గ్యాస్ ట్రబులే" అని తేల్చేశారు. అందరం పడీపడీ నవ్వాం, ఆయనా నవ్వాడు. రెండో రౌండులో మాత్రం బల్ల కింద చేతులు కట్టుకుని కూర్చున్నాడు పాపం.

హౌస్‌సర్జన్ కేసు చెప్పడం అయ్యాక ట్యూటర్ ఏం మాట్లాడాలో దానికి ఒక పద్ధతి ఉంది, ఇంగ్లీషులో వన్ మినిట్ ప్రిసెప్టర్ అంటారు. 1992లో అమెరికాలో ఫ్యామిలీ మెడిసిన్ వాళ్లు రాసింది. నువ్వేమనుకుంటున్నావు, ఎందుకు అనుకుంటున్నావు అని అడగాలి. తర్వాత ఈ కేసు నుంచి పట్టుకుపోవాల్సిన మాట ఒక్కటి చెప్పాలి. ఏది సరిగ్గా చేశాడో, ఏది దిద్దుకోవాలో చెప్పాలి. అంతే. మనవాళ్లకు కష్టమయ్యేది మొదటి ప్రశ్నే. "ఏమనుకుంటున్నావు?" అని అడిగిన మరు క్షణమే జవాబూ మనమే చెప్పేస్తాం.

ఓపీ రద్దీ సంగతి మెడికల్ ఆఫీసర్లు తప్పకుండా లేవనెత్తుతారు, వాళ్ల మాటా నిజమే. బ్రిటన్‌లో జీపీ (ఫ్యామిలీ డాక్టరు) క్లినిక్కులకు విద్యార్థులను పంపితే దానికి వేరుగా డబ్బిస్తారు, ఆ పూట అపాయింట్‌మెంట్లు తగ్గించుకోవచ్చు. మనకు అవ్వలు అపాయింట్‌మెంట్ తీసుకుని రారు కదా. అందుకే ప్రతి పేషెంట్‌తోనూ నేర్పమని చెప్పకండి. పూటకు ముగ్గురు చాలు. వాళ్లను హౌస్‌సర్జన్ ముందుగా పక్క గదిలో చూస్తాడు, ఈలోగా మనం లైను నడిపిస్తాం, తర్వాత అతను పేషెంట్‌తో సహా మన దగ్గరికి వస్తాడు. పేషెంట్‌కి "చదువుకుంటున్న డాక్టరు ముందు చూస్తాడు, తర్వాత నేను చూస్తా, సరేనా?" అని అడిగి పంపాలి. వద్దంటే బలవంతం లేదు. అడిగితే మా ఊళ్లో వద్దన్నవాళ్లు తక్కువే. అడగకుండా పంపినప్పుడే, "పెద్ద డాక్టరు లేడా?" అని గొడవ.

తప్పు దిద్దడం గురించి రెండు మాటలు. పేషెంట్ ముందు వద్దు, ఇది అందరికీ తెలుసు, అయినా చేస్తాం. ఇంకోటి, పెండిల్టన్ పద్ధతి అని ఒకటి చెప్తుంటారు, ముందు నువ్వు ఏం బాగా చేశావో చెప్పు అని విద్యార్థినే అడగాలట. మన పిల్లలను అలా అడిగితే తల దించుకుంటారు. మన గొప్ప మనమే చెప్పుకోవడం మనకు అలవాటు లేదు. నేను దాన్ని మార్చి, "ఇందులో నీకు సులువుగా అయింది ఏది, ఎక్కడ ఇరుక్కున్నావు?" అని అడుగుతాను. గలగలా చెప్తారు.

ఏది వాళ్ల చేతికి ఇవ్వొచ్చు, ఏది కూడదు అన్నదానికి నా తప్పు ఒకటి చెప్తాను, మీరూ వాడుకోండి. శనక్కాయ పీకే రోజుల్లో పాముకాటు కేసులు ఎక్కువ. రక్తపింజరి కరిచిందేమోనని అనుమానం వస్తే రక్తం గడ్డకడుతోందో లేదో చూడాలి. 2 మిల్లీలీటర్ల రక్తం పొడిగా ఉన్న కొత్త గాజు ట్యూబులో పోసి 20 నిమిషాలు కదపకుండా ఉంచాలి. నేను హౌస్‌సర్జన్‌కి ట్యూబు ఇచ్చి, "చూస్తా ఉండు" అన్నాను. 'చూడటం' అంటే వంచి చూడటం అనుకున్నాడు. ఏడో నిమిషానికే వంచి, "సార్, గడ్డకట్టలేదు" అని పరుగెత్తుకొచ్చాడు. నేను పాము విషానికి విరుగుడైన యాంటీవీనం సీసాలు తీయించబోతూ టైము అడిగాను కాబట్టి సరిపోయింది. మళ్లీ రక్తం తీసి మొదటినుంచి చేశాం. తప్పు అతనిది కాదు, అంతకుముందు ఒక్కసారైనా నా పక్కన నిలబెట్టి చూపించలేదు. అప్పటినుంచి ఏ పనైనా మొదట చూడాలి, తర్వాత నాతో కలిసి చేయాలి, ఆ తర్వాతే ఒంటరిగా. అన్నట్టు, ఆ 20 నిమిషాలు పాఠానికి బ్రహ్మాండమైన సమయం. రెప్పలు వాలుతున్నాయా, వాపు ఎంతదాకా పాకింది, పెన్నుతో గీత ఎక్కడ గీయాలి, అన్నీ మంచం పక్కనే చెప్పొచ్చు.

ట్రైనింగ్‌కి డాక్టర్లను మాత్రమే పిలవకండి. ప్రతి పీహెచ్‌సీ నుంచి ఒక స్టాఫ్ నర్సునో ఏఎన్ఎమ్మనో కూడా పిలవండి. ఊళ్లో ఇంటింటికీ తిరగడం మా హౌస్‌సర్జన్లకు నేర్పింది మా ఏఎన్ఎమ్మే. "కడుపులో దేవుతాంది" అంటే వాంతి వచ్చేటట్టు ఉండటం అని కోస్తా పిల్లలకు విడమరిచి చెప్పిందీ ఆమే. కాలేజీ ఫ్యాకల్టీకి బోధన నేర్పే ఎన్ఎంసీ (జాతీయ వైద్య కమిషన్) బేసిక్ కోర్సు ఉంది, నాకు తెలిసిన మెడికల్ ఆఫీసర్లలో అది ఎవరికీ దక్కలేదు. నర్సుల సంగతి ఇక అడగనక్కర్లేదు.

హౌస్‌సర్జన్లు చేసిన పనులు రాసుకునే లాగ్‌బుక్‌లో సంతకాలు చివరిరోజు కట్టగట్టి పెట్టొద్దని గట్టిగా చెప్పండి. నేనూ పెట్టాను, సిగ్గుపడుతూనే. 2021 ఇంటర్న్‌షిప్ రూల్స్ ప్రకారం కమ్యూనిటీ మెడిసిన్‌కి 12 వారాలు ఉన్నాయి. మా దగ్గరికి వచ్చిన వారాల్లో శనివారం సాయంత్రం పది నిమిషాలు కూర్చుంటే ఆ వారం సంతకాలు అయిపోయేవి.

ట్రైనింగ్ అయ్యాక మీరో, మీ డిపార్ట్‌మెంట్‌లో ఇంకెవరైనానో ఒక్కో పీహెచ్‌సీకి వెళ్లి ఓపీలో గంట కూర్చోండి. ఇన్‌స్పెక్షన్‌లాగా కాదు, ఫైళ్లు అడగొద్దు. ట్యూటర్ ఎప్పుడు దూరాడో చూసి, తర్వాత టీ తాగుతూ చెప్పండి. నాకు అలా ఒకరు వచ్చి చెప్పారు, రెండు ట్రైనింగుల్లో నేర్చుకోనిది ఆ గంటలో తెలిసింది. దీనికి కారు, మనిషి దొరకడం కష్టమే. అందరి దగ్గరికీ వెళ్లలేకపోతే కొత్తగా చేరినవాళ్ల దగ్గరికైనా వెళ్లండి.

ఇక తేదీ. బుధ, శనివారాలు టీకాలు, 9వ తారీఖు గర్భిణుల చెకప్‌లు. ఆ రోజుల్లో పెడితే సగం మంది రారు, వచ్చినవాళ్లకు ఫోన్లు ఆగవు. మంగళవారమో గురువారమో చూడండి. ఆదోని అవతలి నుంచి వచ్చేవాళ్లు బస్సులో కర్నూలు చేరాలి కాబట్టి పదిన్నరకు ముందు మొదలుపెట్టకండి. చీటీల మీద రాయడానికి కేసులు కావాలంటే నా దగ్గర కొన్ని ఉన్నాయి, అడగండి, పంపుతాను.