ఎర్రటి ఆర్ద్ర చల్లటిదైతే అంత వెలుగు ఎక్కడిది?

ఎర్రగా కనిపించే నక్షత్రాలు చల్లటివని చదివారు, మరి ఎర్రటి ఆర్ద్ర నక్షత్రం అంత బాగా ఎలా వెలుగుతోందని అడిగారు. ఈ ప్రశ్నకు సగం జవాబు నాకు చిన్నప్పుడే, విజయవాడ ఆటోనగర్‌లో మా నాన్న కొలిమి దగ్గర దొరికిందండి.

నాన్న లారీల కమాను పట్టీలు కాల్చి వంచేవారు. వేడి కొలిచే పరికరం ఏదీ ఉండేది కాదు. షెడ్డులోకి ఎండ పడే వైపు గోనెపట్టా కట్టి, ఆ నీడలో పట్టీ రంగు చూసేవారు. ముందు చింతనిప్పులా ఎర్రబడేది, తర్వాత నారింజ, ఆ తర్వాత పసుపు. తెల్లబడుతోందంటే చాలు, "తియ్‌రా, పాడైపోద్ది" అని కేకేసేవారు. నక్షత్రాలకూ అదే లెక్క. ఎరుపు నుంచి పసుపు, తెలుపు, నీలం వైపు వెళ్ళేకొద్దీ వేడి ఎక్కువ. ఆర్ద్ర పైభాగం సుమారు 3,500 కెల్విన్, మన సూర్యుడు 5,800, నీలం కలిసిన తెలుపులో మెరిసే రైజెల్ అనే నక్షత్రం దాదాపు 12,000.

అయితే ఈ "చల్లటి" అనే మాటను జాగ్రత్తగా తీసుకోవాలి. కెల్విన్‌లోంచి 273 తీసేస్తే సెంటిగ్రేడ్ వస్తుంది కాబట్టి ఆర్ద్ర పైభాగం 3,200 డిగ్రీల పైమాటే. ఇనుము 1,538 డిగ్రీల దగ్గర కరిగి, 2,860 దగ్గర మరుగుతుంది. అంటే నాన్న కాల్చిన పట్టీని అక్కడ పెడితే ఆవిరైపోతుంది. మిగతా నక్షత్రాల పక్కన పెట్టి చూస్తేనే అది చల్లన.

ఇక మిగతా సగం. ఆటోనగర్‌లో వెల్డింగ్ రాడ్ కొస చూసే ఉంటారు. గోరంత ఉంటుంది, కానీ కళ్ళు తెరిచి చూడలేం. అదే జాతరలో తొక్కే నిప్పుల గుండం తీసుకోండి. అందులో ఏ ఒక్క బొగ్గూ అంతగా వెలగదు, కానీ గుండం మొత్తం కలిసి ఎంత సెగ కొడుతుందో దగ్గర నిలబడ్డవాళ్ళకు తెలుసు. నక్షత్రం మొత్తం వెలుగు కూడా ఇలా రెండింటి మీద ఆధారపడుతుంది. ఒకటి, ఒక్కో చదరపు మీటరు ఎంత వెలుగుతోంది. రెండు, అలాంటి చదరపు మీటర్లు ఎన్ని ఉన్నాయి. మొదటిది ఉష్ణోగ్రతకు నాలుగో ఘాతంలో పెరుగుతుంది, అంటే వేడి రెట్టింపైతే వెలుగు 16 రెట్లు. రెండోది వ్యాసార్ధానికి వర్గంలో పెరుగుతుంది.

ఇప్పుడు కాగితం మీద వేసి చూడండి. 12,000ని 3,500తో భాగించి నాలుగో ఘాతం చేస్తే, రైజెల్ మీది ఒక్కో చదరపు మీటరు ఆర్ద్ర కంటే దాదాపు 138 రెట్లు ఎక్కువ వెలుగునిస్తుంది. కానీ ఆర్ద్ర వ్యాసార్ధం రైజెల్‌కు ఇంచుమించు 10 రెట్లు, కాబట్టి వైశాల్యం 100 రెట్లు. అందుకే రెండూ పోటాపోటీగా నిలుస్తాయి. ఈ లెక్క మొదటిసారి నా చేత్తో నేను వేసుకున్న రోజు ఎంత సంతోషపడ్డానో చెప్పలేను. ఆర్ద్ర వ్యాసార్ధం సూర్యుడికి సుమారు 700 రెట్లు. సూర్యుడి చోట పెడితే అంగారకుడి కక్ష్య కూడా దాని కడుపులోకి పోతుంది. 1920లో మైకెల్సన్, పీజ్ అనే శాస్త్రవేత్తలు అమెరికాలోని మౌంట్ విల్సన్ మీద దీని వ్యాసాన్ని కొలిచారు. సూర్యుణ్ణి పక్కన పెడితే మనిషి మొదట కొలిచిన నక్షత్ర వ్యాసం అదే.

ఇంకో మాట. ఆర్ద్ర ఇచ్చే శక్తిలో ఎక్కువ భాగం మన కంటికి కనిపించని పరారుణ కిరణాలే. పట్టీ నల్లబడింది కదా అని ఒకసారి ముట్టుకుని రెండు వేళ్ళు కాల్చుకున్నాను. రంగు పోయినా సెగ పోదు. నాన్న వేళ్ళను నీళ్ళతొట్టిలో ముంచి పట్టుకున్నారు, ఏమీ అనలేదు.

దూరం సంగతి మర్చిపోకండి. ఆకాశంలో రాత్రిపూట అన్నిటికన్నా ఎక్కువ వెలిగే నక్షత్రం మృగవ్యాధుడు. దాని అసలు వెలుగు సూర్యుడికి 25 రెట్లే, 8.6 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది కాబట్టి అలా మెరుస్తోంది. దానికొక తోడు నక్షత్రం ఉంది, దాని వేడి సుమారు 25,000 కెల్విన్. కానీ ఉన్నది భూమంతే! అందుకే మామూలు కంటికి అసలు కనబడదు.

మనవాళ్ళకు ఆర్ద్ర అంటే ముందు ఆరుద్ర కార్తె, తొలకరి, ఎర్రటి ఆరుద్ర పురుగులే గుర్తొస్తాయి. ఆ రోజుల్లో సూర్యుడు అటువైపే ఉంటాడు కాబట్టి నక్షత్రం కనిపించదు. సంక్రాంతి సెలవుల్లో రాత్రి 8 గంటలకు మేడెక్కండి. బెజవాడ లైట్లలో కూడా కనిపిస్తుంది. తూర్పుకు తిరిగితే బాగా పైన, మా అమ్మమ్మ గొల్లకావడి అనే మూడు చుక్కలు వరుసగా ఉంటాయి. వాటికి ఎడమ వైపు ఆర్ద్ర, కుడి వైపు రైజెల్. బైనాక్యులర్ ఉంటే ఫోకస్ కొంచెం చెదరగొట్టి చూడండి, చుక్క బిళ్ళలా పరుచుకుని రంగు ఇంకా బాగా తెలుస్తుంది.