హర్రాజా, వేలమా?

ప్రశ్న: మా కాలనీ లైబ్రరీ కోసం ఒక నూనెరంగుల బొమ్మను అమ్మకానికి పెడుతున్నాం. పళ్లెంలో సీతాఫలాలు, పక్కన రాగి చెంబు ఉన్న స్టిల్ లైఫ్ (కదలని వస్తువుల బొమ్మ) అది. కరపత్రంలో "నిశ్చల జీవితం: తైలవర్ణ చిత్రం హర్రాజు" అని రాస్తే, హర్రాజు మోటుమాట, వేలంపాట అనాలని ఒక మిత్రుడు దిద్దాడు. బొమ్మ అమ్మితే పాటెందుకని ఇంకొకాయన అడిగాడు. ఏది సరి?
– ఒక పాఠకుడు, హనుమకొండ

సమాధానం: మీ మిత్రుడు దిద్దాల్సింది వదిలేసి, దిద్దనక్కర్లేనిది దిద్దాడు.

హర్రాజు మోటుమాట ఎప్పుడైంది? అరబ్బీ 'హరాజ్' ఉర్దూ మీదుగా మన కచేరీ కాగితాల్లోకి వచ్చింది. చింతచెట్ల కాపునూ చెరువు చేపలనూ ఊళ్లలో హర్రాజే వేశారు. గల్ఫ్‌కు పోయొచ్చిన జగిత్యాల, సిరిసిల్ల వాళ్లనడగండి, రియాద్‌లో పాతసామాన్ల బజారును ఇప్పటికీ హరాజ్ అనే అంటారు. కన్నడిగులకూ హరాజు ఉంది. పరాయిమాట కదా అంటారేమో. వేలం మాత్రం మన పెరట్లో మొలిచిందా? అది పోర్చుగీసు 'లెయిలావ్' అని నిఘంటువులు చూసేవాళ్లకు తెలుసు. మలయాళంలో లేలం, తమిళంలో ఏలం, హిందీలో నీలాం, మనకు వేలం. ఆ పోర్చుగీసు మాట కూడా అరబ్బీలోంచే పోయిందని పండితులంటారు. ఓడ దిగి వచ్చింది నాగరికం, ఉర్దూలోంచి వచ్చింది మోటు అనే లెక్క ఏ వ్యాకరణంలోనూ లేదు. అది పత్రికల డెస్కుల్లో పుట్టిన బడాయి.

ఇక పాట. ఇక్కడ పాడటమంటే గొంతెత్తి ధర చెప్పడం. తెలుగులో ధర కూడా 'పలుకుతుంది'. ఎనుమాములలో మిర్చి ఎంత పలికిందని అడుగుతాం కదా! పాటదారు ఉన్నాడు, పైపాట ఉంది, మూడోసారి అనగానే పాట కొట్టేయడం ఉంది. మొదటి ధరకు 'సర్కారు వారి పాట' అన్న సొగసైన మాట ఉండగా 'రిజర్వ్ ప్రైస్' అని రాసేవాళ్లను చూస్తే నాకు చిరాకు. పైగా రెండూ ఒకటి కావు. సర్కారు పాట అందరికీ వినిపించేది, బొమ్మల వేలాల్లో రిజర్వ్, అంటే ఇంతకు తగ్గితే అమ్మమనే ధర, సాధారణంగా గుట్టుగా ఉంచేది. బొమ్మకు పాట కొత్తేమీ కాదు: 1987లో లండన్‌లో వాన్ గో పొద్దుతిరుగుడు పూల బొమ్మకు పాట 2.25 కోట్ల పౌండ్ల దగ్గర కొట్టేశారు. వేలం సంస్థ కమీషన్ కలిపితే 2.475 కోట్లయింది.

అసలు దిద్దాల్సింది 'నిశ్చల జీవితం'. అది చదివితే రిటైరై మంచం దిగని పెద్దమనిషి గుర్తొస్తాడు. డచ్చివాళ్ల 'స్టిల్‌లేవన్' ఇంగ్లిషులో స్టిల్ లైఫ్ అయితే, ఫ్రెంచివాళ్లు దాన్నే చచ్చిన ప్రకృతి అన్నారు. ఎవరి తిప్పలు వాళ్లవి. 'నిశ్చల చిత్రం' అందామంటే, సినిమాను చలనచిత్రం అన్నాక అది ఫొటోకు పోయింది. పాత కావ్యాల్లో వెతికితే క్రీడాభిరామంలో మన ఓరుగల్లు వేశ్య మాచల్దేవి చిత్రశాల ఉంది (దాని కర్త వల్లభరాయడా, శ్రీనాథుడా అన్న తగువు ఇప్పుడొద్దు). ఆ గోడల మీద గోపికాకృష్ణులు, మేనకా విశ్వామిత్రులు ఉన్నారే గాని పండ్ల పళ్లెం లేదు. 'వస్తుచిత్రం' నాకు కొంత నచ్చుతుంది, పట్టుబట్టను. "సీతాఫలాలు, రాగి చెంబు: నూనెరంగుల బొమ్మ" అంటే అందరికీ తెలుస్తుంది. స్టిల్ లైఫ్ అని తెలుగు లిపిలో రాసినా నేరం కాదు.

హనుమకొండలో పంచే కరపత్రమైతే హర్రాజే ఉంచండి. బయటివాళ్లూ వస్తారనుకుంటే వేలం అనుకోవచ్చు. 'వేలం వేయబడును' అని మాత్రం రాయొద్దు. వేసేది మీరేగా, వేస్తాం అనండి.