బర్మా కొండచిలువను ఇంట్లో పెంచుకోవచ్చా?

వద్దు. విషం లేదు కదా అన్న ధీమాతోనే చాలామంది కొంటారు. కొనేటప్పుడు అది మూరెడు పిల్ల. మూడు నాలుగేళ్లు తిరిగేసరికి 10 అడుగుల భారీ పాము. ఆడవి 16 అడుగులూ దాటగలవు. చుట్ట బిగిస్తే ఎరకు ఊపిరి సంగతి అటుంచి, రక్తప్రసరణే నిలిచిపోతుంది. మెడకు చుట్టుకుంటే ఒక్కరివల్ల విడిపించుకోవడం కాని పని. చేతికి కోడి వాసన అంటుకుని ఉందా, ఆ చేతినే మేత అనుకుంటుంది! 2009లో ఫ్లోరిడాలో ఇలాంటి పెంపుడు పామే తప్పించుకుని రెండేళ్ల పాపను చంపింది. పెంచలేక వదిలేసినవి, పారిపోయినవి అక్కడి ఎవర్‌గ్లేడ్స్ చిత్తడి నేలల్లో సంతతిని పెంచుకుని, కుందేళ్లనూ, రకూన్లనే చిన్న అడవి జంతువులనూ దాదాపు ఊడ్చేశాయి. 2012లో అమెరికా వీటి దిగుమతిని నిషేధించింది. ఇక మన అడవుల్లోని కొండచిలువ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో, అంటే అత్యధిక రక్షణ ఉన్న జంతువుల జాబితాలో ఉంది. పట్టుకొచ్చి పెంచితే జైలు శిక్ష పడుతుంది.