బటన్‌లో వత్తులు తెగిపోతుంటే...

ప్రశ్న: మా కాంపొనెంట్ లైబ్రరీలోని (పేజీల్లో మళ్లీ మళ్లీ వాడే భాగాల సేకరణ) బటన్ ఇంగ్లీషులో బాగానే ఉంటుంది. తెలుగులో ‘రాష్ట్రం’ అని పెడితే కింది వత్తులు తెగుతున్నాయి. ఫాంట్ సైజు తగ్గించమంటారా?
– ఫ్రంట్ ఎండ్ డెవలపర్, హైదరాబాద్

జవాబు: వద్దండీ. చిన్న అక్షరాల్లో వత్తులు కలిసిపోయి చదవడమే కష్టమవుతుంది. తప్పు ఫాంట్‌ది కాదు. పొడవైన పేరు చివర మూడు చుక్కలు రావడానికి లేబుల్‌కు ఓవర్‌ఫ్లో హిడెన్ (పెట్టె దాటినదాన్ని దాచే సెట్టింగ్) పెట్టి ఉంటారు. దానికి లైన్-హైట్ (వరుస ఎత్తు ఫాంట్ సైజుకు ఎన్ని రెట్లో చెప్పే అంకె) 1 తోడైతే 16 పిక్సెళ్ల అక్షరానికి దక్కేది 16 పిక్సెళ్ల ఎత్తే. ‘ష్ట్ర’లో రెండు వత్తులు; అవి ఆ ఎత్తు దాటగానే కోతపడుతుంది.

ముందు బటన్‌కు హైట్ తీసేసి మిన్-హైట్ (కనీస ఎత్తు) 40 పిక్సెళ్లు ఇవ్వండి. పైనా కిందా ప్యాడింగ్ (లోపలి ఖాళీ) 8 చొప్పున, లైన్-హైట్ 1.5. అంటే వరుసకు 24, ప్యాడింగ్‌కు 16 కలిపి బోర్డర్ కాక సరిగ్గా 40. తెలుగుకు మాత్రం సీఎస్ఎస్‌లోని (పేజీ రూపాన్ని నిర్ణయించే కోడ్) లాంగ్ సెలెక్టర్‌తో, అంటే భాషను బట్టి వర్తించే నియమంతో, లైన్-హైట్ 1.75 చేస్తే బటన్ 44 అవుతుంది. పేజీ హెచ్‌టీఎంఎల్ ట్యాగులో గానీ, బటన్‌కు లేదా దాన్ని చుట్టి ఉన్న ట్యాగుకు గానీ భాష ‘టీఈ’ (తెలుగు కోడ్) అని పెట్టకపోతే ఈ నియమం పనిచేయదు. చాలామంది ఇక్కడే ఆగిపోతారు.

ఈ అంకెలను నేరుగా రాయకుండా సీఎస్ఎస్ వేరియబుల్స్‌లో (పేరు పెట్టి ఒకేచోట ఉంచే విలువలు) పెట్టండి. ఇన్‌పుట్, ట్యాబ్, బ్యాడ్జ్‌లకూ ఇదే జబ్బు ఉంటుంది. కాంపొనెంట్లను విడిగా చూసి పరీక్షించే స్టోరీబుక్‌లో ‘స్త్రీ’, ‘రాష్ట్రం’, ‘సంస్కృతి’ లేబుళ్లతో ఒక స్టోరీ (నమూనా) చేర్చి, 200 శాతం జూమ్‌లోనూ చూడండి. ఎత్తు మారితే వాడేవాళ్ల లేఅవుట్లు కదులుతాయి కాబట్టి దీన్ని మేజర్ వెర్షన్‌గానే (పాతదానితో పొసగని మార్పు ఉందని చెప్పే వెర్షన్) విడుదల చేయండి.